టెక్సాస్ అటార్నీ జనరల్ న్యాయాభిప్రాయం: ఎవరు అడగవచ్చు, ఎలా అడగాలి?

స్కూలు బోర్డుతోనో నగరపాలక సంస్థతోనో పేచీ వచ్చినప్పుడు, టెక్సాస్‌లో స్థిరపడిన మనవారికి రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది అయిన అటార్నీ జనరల్‌కే లేఖ రాసి, చట్టం ఏమంటోందో అభిప్రాయం చెప్పమని అడుగుదామనిపించవచ్చు. రాయవచ్చు, కానీ అభిప్రాయం రాదు. చట్టం పేర్కొన్న పదవుల్లో ఉన్నవారికి తప్ప ఇంకెవరికీ ఆయన లిఖితపూర్వక అభిప్రాయం ఇవ్వకూడదని గవర్నమెంట్ కోడ్ 402వ అధ్యాయం చెబుతోంది.

గవర్నర్, రాష్ట్ర శాఖల, బోర్డుల అధిపతులు, రాష్ట్ర విద్యాసంస్థల రీజెంట్లు (పాలకమండలి సభ్యులు), చట్టసభల కమిటీలు, కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆడిటర్, నదీ యాజమాన్య సంస్థ పాలకమండలి ఛైర్మన్ వంటివారు ఆ జాబితాలో ఉన్నారు. మేయర్ లేడు. స్కూలు సూపరింటెండెంట్ లేడు. ఎన్నికైన శాసనసభ్యుడు కూడా ఒంటరిగా అడగలేడు, కమిటీ తరఫునే అడగాలి. నన్నడిగితే ఈ కట్టడి మంచిదే. లేకపోతే ఆ కార్యాలయం ఉచిత వకీలు దుకాణమైపోయేది.

స్థానిక సమస్యలు ఎక్కువగా కౌంటీ అటార్నీ లేదా డిస్ట్రిక్ట్ అటార్నీ అనే స్థానిక ప్రభుత్వ న్యాయవాదుల ద్వారా వెళతాయి. అయితే వారు ప్రశ్నను ఊరికే పైకి నెట్టేస్తే చాలదు. ముందు తామే పరిశోధించి, చట్టాలు, తీర్పులు ఉటంకిస్తూ వాదనాపత్రం జతచేయాలి. కాబట్టి మీ సందేహం అక్కడిదాకా చేరాలంటే, ముందుగా ఒప్పించాల్సింది మీ కౌంటీ అటార్నీని, లేదా సంబంధిత కమిటీ అధ్యక్షుణ్ణి.

అభ్యర్థన రాతపూర్వకంగానే ఉండాలి. రసీదు కోరుతూ రిజిస్టర్డ్ లేదా సర్టిఫైడ్ పోస్టులో పంపాలి, లేదా అందుకోసం కేటాయించిన ఈమెయిల్‌కు పంపాలి. అందినట్టు 15 రోజుల్లో తెలియజేస్తారు. అభిప్రాయానికి గడువు 180 రోజులు. ఆలస్యమైనా, ఇవ్వకూడదనుకున్నా ఆ గడువులోపే కారణాలతో లేఖ రాయాలి. అభ్యర్థనకు ఆర్‌క్యూతో మొదలయ్యే సంఖ్య ఇస్తారు. అభిప్రాయాల సంఖ్యకు ముందు మాత్రం అటార్నీ జనరల్ పొడి అక్షరాలుంటాయి. 2015లో పదవి చేపట్టిన కెన్ పాక్స్‌టన్ ఇచ్చినవి అందుకే కేపీతో మొదలవుతాయి.

ప్రశ్న చట్టం గురించే ఉండాలి. ఎవరు నిజం చెబుతున్నారో తేల్చమంటే తేల్చరు, కోర్టులో నడుస్తున్న వివాదాన్ని సాధారణంగా ముట్టుకోరు. ఇచ్చిన అభిప్రాయాన్ని కోర్టులు గౌరవిస్తాయి గానీ దానికి కట్టుబడి ఉండాల్సిన పని లేదు.

సామాన్యుడికి తెరిచి ఉన్న కిటికీ ఒకటుంది. దాఖలైన అభ్యర్థనలను కార్యాలయం వెబ్‌సైటులో పెడుతుంది. వాటిపై ఎవరైనా తమ వాదన రాసి పంపవచ్చు.

ప్రభుత్వ కాగితాలు చూపించాలా వద్దా అన్న తగువుకు దారి వేరు. వాటిని దాచుకోదలచిన కార్యాలయమే, మీ దరఖాస్తు అందిన 10 పనిదినాల్లో అటార్నీ జనరల్ నిర్ణయం కోరాలి.