వెలుతురులో పెంచి, చీకట్లో ఉత్పత్తి: ఇ. కోలైకి నీలి లైటుతో స్విచ్

ఇ. కోలై బ్యాక్టీరియాలో పెట్టిన జన్యువును ఆన్ చెయ్యడానికి మామూలుగా పోసే రసాయనం ఐపీటీజీ. దాన్ని ఒకసారి పోశాక వెనక్కి తీసుకోలేం. పైగా ఖరీదెక్కువ, శుద్ధి చేసేటప్పుడు దాన్ని వదిలించుకోవడం ఇంకో పని. లైటయితే వెయ్యొచ్చు, ఆర్పొచ్చు, సగానికి తగ్గించొచ్చు. విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఫెర్మెంటర్లు (కణాలు పెంచే ట్యాంకులు) నడిపేవాళ్లకు ఈ సంగతి చెబితే ముందు వచ్చే ప్రశ్న ఒకటే: స్టీలు ట్యాంకులోకి వెలుతురు ఎలా వెళ్తుందండీ? ఏ స్విచ్ తీసుకోవాలన్నది తేల్చేదీ ఆ ప్రశ్నే.

ఏ స్విచ్

కల్చర్, అంటే కణాలు పెరిగే ద్రవం, పలచగా ఉన్నంతసేపు నీలి కాంతి లోపలిదాకా పోతుంది. ఓడీ (కల్చర్ చిక్కదనం కొలత) 20, 30 దాటిందంటే గోడ నుంచి కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. అందుకని చిక్కబడ్డాక లైటు కావాలనే ఏర్పాటు పెద్ద ట్యాంకులో నడవదు. పెరిగేటప్పుడు లైటు వేసి జన్యువును ఆపి ఉంచాలి, ఉత్పత్తి వేళకు ఆర్పెయ్యాలి. 2018లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్లు ఈస్ట్‌తో లీటరుకు 8.49 గ్రాముల దాకా ఐసోబ్యుటనాల్ అనే ఆల్కహాల్ తీసింది ఈ పద్ధతిలోనే. అయితే ఉత్పత్తి దశలోనూ మధ్యమధ్య కాసేపు వెలుతురు చూపించారు.

ఇ. కోలైకి 2012లో వచ్చిన పీడస్క్, పీడాన్ ప్లాస్మిడ్లతో (కణంలో పెట్టే చిన్న డీఎన్ఏ రింగులతో) మొదలుపెట్టడం సులువు. రెండింట్లోనూ నీలి కాంతిని పసిగట్టే సెన్సార్ వైఎఫ్1 అనే ప్రొటీన్. దానికి కావలసిన ఫ్లావిన్ (కాంతిని పట్టుకునే అణువు) కణంలోనే ఉంటుంది, బయటి నుంచి ఏమీ కలపక్కర్లేదు. పీడస్క్ చీకట్లో పనిచేస్తుంది, నీలి కాంతిలో ఆగుతుంది. పీడాన్ దీనికి రివర్స్.

చేతికి అలవాటు కావడానికి పీడస్క్‌లో ఎంచెర్రీ (ఎర్రగా మెరిసే ప్రొటీన్) జన్యువు పెట్టుకోండి. పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ వద్దు: దాన్ని కొలిచే 488 నానోమీటర్ల కాంతే స్విచ్‌ను కదిలిస్తుంది. అసలు ఉత్పత్తికి మాత్రం పీడస్క్ చాలదు, దాని వెలుతురు-చీకటి తేడా తక్కువ. పీడాన్ అదుపులో లాక్ఐ రిప్రెసర్ (జన్యువును ఆపి ఉంచే ప్రొటీన్) పెట్టి, క్రోమోజోమ్‌లో ఉన్న లాక్ఐని తీసెయ్యండి. లైటులో లాక్ఐ తయారై జన్యువును మూసేస్తుంది, చీకట్లో వదిలేస్తుంది. ఐపీటీజీ ప్రమోటర్లతో (ఐపీటీజీతో జన్యువును ఆన్ చేసే డీఎన్ఏ భాగాలతో) ఇప్పటికే ఉన్న ప్లాస్మిడ్లు, వాటిలో సొంత లాక్ఐ లేకపోతే, మార్చకుండానే పనికొస్తాయి. 2021లో వచ్చిన ఆప్టోలాక్ కిటుకు ఇదే.

కొత్త స్ట్రెయిన్ కట్టేముందు సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ అనుమతి తప్పనిసరి, 1989 నిబంధనల ప్రకారం. వాడిన కల్చర్ 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపడం) అయ్యాకే బయటికి పోవాలి.

లైటు ఏర్పాటు

465 నానోమీటర్ల చుట్టూ ఉండే నీలి ఎల్‌ఈడీ కావాలి. 12 వోల్టుల 5050 ఆర్‌జీబీ స్ట్రిప్, మీటరుకు 60 ఎల్‌ఈడీలది, విశాఖ డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రికల్ షాపుల్లో అడగండి. నీలి వైరు ఒక్కటే వాడితే మీటరుకు 0.4 ఆంపియర్లు లాగుతుంది. ఆర్డునో (చిన్న కంట్రోలర్ బోర్డు) పిన్ నుంచి 220 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా స్విచ్‌లా పనిచేసే ఐఆర్‌ఎల్‌జడ్44ఎన్ మాస్‌ఫెట్ గేటుకు, గేటు నుంచి గ్రౌండ్‌కు 10 కిలోఓమ్‌లు. ఆ 10 కిలోఓమ్‌లు మానేస్తే ఆర్డునో ఆన్ అయ్యేలోపు లైటు తనంతట తానే వెలగొచ్చు. మన సముద్రపు గాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి కాబట్టి నొక్కి పెట్టే క్లిప్పులు మానేసి టంకం వేసి, పైన సిలికాన్ పూయండి.

ఇక కొలత. ఫోను లక్స్ మీటర్ను నమ్మకండి. అది మనిషి కంటికి తగ్గట్టు చూస్తుంది, నీలాన్ని లెక్కలోకి పెద్దగా తీసుకోదు: చదరపు మీటరుకు 1 వాటు నీలి కాంతి పడుతున్నా 50 లక్స్ చుట్టూనే చూపిస్తుంది. పవర్ మీటర్ తెచ్చి, ఖాళీ ఫ్లాస్కు ఉండే చోటే పెట్టి కొలవండి. ఆ 1 వాటే, అంటే చదరపు సెంటీమీటరుకు 100 మైక్రోవాట్లు, మొదలుపెట్టడానికి సరిపోతుంది.

మీడియం, నడపడం

మామూలుగా వాడే ఎల్‌బీ మీడియం వద్దు. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పసుపు రంగే నీలి కాంతిని మింగేస్తుంది, అందులోని రైబోఫ్లావిన్ కాంతికి కణాలకు హాని చేసే పెరాక్సైడ్ కూడా పుట్టిస్తుంది. లవణాలతో చేసే ఎం9 మీడియం చేసుకోండి: లీటరుకు నీరు లేని డైసోడియం ఫాస్ఫేట్ 6.8 గ్రాములు, మోనోపొటాషియం ఫాస్ఫేట్ 3, ఉప్పు 0.5, అమ్మోనియం క్లోరైడ్ 1. చల్లారాక విడిగా ఆటోక్లేవ్ చేసిన 20 శాతం గ్లూకోజ్ 20 మి.లీ., 1 మోలార్ మెగ్నీషియం సల్ఫేట్ 2 మి.లీ., 1 మోలార్ కాల్షియం క్లోరైడ్ 0.1 మి.లీ. వేయండి. ముందే కలిపి ఆటోక్లేవ్‌లో పెడితే అడుగున తెల్లగా పేరుకుంటుంది. పీడస్క్‌కు కానమైసిన్ యాంటీబయాటిక్ మి.లీ.కి 50 మైక్రోగ్రాములు.

250 మి.లీ. ఫ్లాస్కుల్లో 25 మి.లీ. చొప్పున, ఓడీ 0.05తో, 37 డిగ్రీల దగ్గర 200 ఆర్‌పీఎంలో పెట్టండి. మూడు ఫ్లాస్కులు ఉండాలి: లైటు కింద ఒకటి, రెండు పొరల అల్యూమినియం ఫాయిల్ చుట్టింది ఒకటి, మూడోది కాంతికి స్పందించకుండా మార్చిన వైఎఫ్1తో లైటు కిందే. ఈ మూడోది లేకపోతే మీరు చూసే తేడా స్విచ్‌దా, ఎల్‌ఈడీ వేడిదా తేల్చలేరు. ఇంకో ఫ్లాస్కులో ఉత్త నీళ్లు పోసి థర్మామీటర్ ముంచి ఉంచండి. 1 డిగ్రీ తేడా కనిపించినా స్ట్రిప్‌ను వెనక్కి జరిపి ఫ్యాన్ పెట్టండి.

లైటు పూర్తిగా వెలిగించి ఉంచక్కర్లేదు, నిమిషంలో 10 సెకన్లు చాలు. వైఎఫ్1 ఒకసారి వెలుతురు తగిలితే గది ఉష్ణోగ్రత దగ్గర గంటకు పైగా అలాగే ఉంటుంది, 37 దగ్గర అంతకంటే తక్కువ. పెద్ద ట్యాంకులో ఇదే కాపాడుతుంది: కలిపే ఫ్యాన్ కణాన్ని మళ్లీ గోడ దగ్గరికి తెచ్చేదాకా సెన్సార్ మరచిపోకూడదు. సెకన్లలో మరచిపోయే ఈఎల్222 అనే మరో కాంతి సెన్సార్‌కు అక్కడ నిలవడం కష్టం.

శాంపిల్ తీసేటప్పుడు ట్యూబ్‌లైటు ఆర్పి 630 నానోమీటర్ల ఎర్రలైటు వేసుకోండి.

ఎక్కడ తేడా కొడుతుంది

చీకటి ఫ్లాస్కులో కూడా ఎర్రరంగు రాలేదంటే ముందు ఫాయిల్ చూడండి, తర్వాత షేకర్ తలుపు అద్దం. గదిలో మామూలు తెల్ల వెలుతురుకే స్విచ్ కదులుతుంది.

లాక్ఐ పద్ధతిలో ఎక్కువమంది చేసే పొరపాటు లైటు ఆలస్యంగా ఆర్పడం. అప్పటికే తయారైన లాక్ఐ ఎక్కడికీ పోదు, కణాలు విభజన చెందుతూ ఉంటేనే పలచబడుతుంది. పెరుగుదల ఆగాక ఆర్పితే తెల్లారేదాకా చూసినా ఏమీ రాదు. ఇంకా రెండు మూడు విభజనలు మిగిలి ఉండగానే ఆర్పండి, లేదా లాక్ఐకి ఎస్ఎస్ఆర్ఏ తోక (కణం దాన్ని త్వరగా ముక్కలు చేసేలా చూసే గుర్తు) తగిలించండి.

కరెంటు పోవడం అన్నింటికంటే ప్రమాదం. ఈ పద్ధతిలో చీకటంటే ఆన్. పెరిగే దశలో లైటు పోతే జన్యువు ముందే మొదలైపోతుంది, ఉత్పత్తి విషపూరితమైతే బ్యాచ్ అక్కడితో సరి. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ మీటరు స్ట్రిప్‌ను పది గంటలకు పైగా నడుపుతుంది. ఆర్డునో మళ్లీ ఆన్ అయినప్పుడు గడియారం సున్నా నుంచి మొదలు కాకుండా టైము గుర్తుంచుకునే డీఎస్3231 మాడ్యూల్ పెట్టండి.

పెద్దది చేసేటప్పుడు

వెలుతురు లోపలికి వెళ్లేది ట్యాంకు చుట్టూ ఉన్న గోడ నుంచే కదా. 13 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గాజు పాత్రకు ఘనపు మీటరుకు 31 చదరపు మీటర్ల గోడ దక్కుతుంది, 1 మీటరు వ్యాసం ట్యాంకుకు 4. గాజు పాత్రకైతే స్ట్రిప్‌ను చుట్టూ చుట్టేస్తే సరిపోతుంది. గోడకు పాచి పడితే లైటంతా అదే తినేస్తుంది, బ్యాచ్ బ్యాచ్‌కు లోపలి గాజు రుద్ది కడగాలి.

స్టీలు ట్యాంకుకు గాజు గొట్టంలోంచి కల్చర్ తిప్పి తేవడం మంచి ఉపాయమే, కానీ ఆ గొట్టంలో గాలి ఉండదు. నీళ్లలో కరిగే ఆక్సిజన్ లీటరుకు 0.2 మిల్లీమోల్ మాత్రమే. గంటకు లీటరుకు 100 మిల్లీమోల్ వాడే కల్చర్‌లో అది 7 సెకన్లకే ఖాళీ అవుతుంది, ఆ తర్వాత పెరుగుదలను అడ్డుకునే అసిటేట్ మొదలు. పంపు వేగం గొట్టంలో 5 సెకన్లకు మించి కల్చర్ ఆగకుండా పెట్టుకోండి. కల్చర్ ఇంకా చిక్కనైతే ఆ సమయాన్ని అంత మేరా తగ్గించండి.