శిక్షణ అయింది, పిల్లవాడు మాత్రం పలకడం లేదు: వినికిడి యంత్రం దగ్గర చూడాల్సినవి

సమస్య: టీచరుకు సహిత విద్య (వైకల్యం ఉన్న పిల్లలకు మిగతావాళ్లతో కలిపి చదువు చెప్పడం) శిక్షణ పూర్తయింది. పిల్లవాణ్ని ముందు బెంచీలో కూర్చోబెట్టారు, చెవికి యంత్రం ఉంది. పొద్దున హాజరప్పుడు బాగానే పలుకుతాడు. రెండో పీరియడ్‌కల్లా ఉలుకూ పలుకూ ఉండదు. "వాడికి మనసుంటే వింటాడండీ, లేకపోతే లేదు" అన్న మాట స్టాఫ్ రూములో స్థిరపడిపోతుంది.

ఈ ఫిర్యాదు రాగానే చాలాచోట్ల మళ్లీ శిక్షణ పెట్టి, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాలను ఇంకోసారి చదివిస్తారు. అవి తెలియాల్సిందే. కానీ ఆ పట్టిక చదివితే యంత్రం ట్యూబులో అడ్డం పడిన నీటిబొట్టు పోదు.

ముందు రెండు నిమిషాల పని

బ్యాటరీ చూడండి. ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేది ఇదే. చెవి వెనక పెట్టుకునే యంత్రాల్లో ఎక్కువగా వాడేవి 13 (నారింజ స్టిక్కరు), 675 (నీలం స్టిక్కరు). ఇవి గాలి తగిలితేనే పనిచేస్తాయి. స్టిక్కరు తీశాక రెండు మూడు నిమిషాలు ఆగి తలుపు మూయాలి. తీసిన స్టిక్కరు మళ్లీ అంటించినా ఆదా ఏమీ ఉండదు. ఫ్రిజ్‌లో దాచొద్దు, చెమ్మ పడుతుంది. ప్లస్ గుర్తు ఏ వైపుందో చూడండి. ఎం-టీ-ఓ మీట ఉన్న మోడల్ అయితే అది 'ఎం' (మైకు) మీద ఉండాలి, 'ఓ' అంటే ఆఫ్. 'టీ' మీదకు జారితే లోపలి మైకు ఆగిపోతుంది, యంత్రం మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. కుడికి ఎరుపు గుర్తు, ఎడమకు నీలం. తారుమారయితే అచ్చు (చెవి రంధ్రంలో ఇమిడే భాగం) సరిగా కూర్చోదు, కుయ్‌మని కూస్తుంది.

కొబ్బరినూనె సంగతి కూడా. తలకు నూనె రాసి జడ వేశాక అదే చేత్తో యంత్రం తగిలిస్తారు. మైకు రంధ్రం దగ్గర జిడ్డు పేరుకుంటుంది. పొడి గుడ్డతో తుడవండి, పిన్నీసు పెట్టి పొడవొద్దు.

అసలు దొంగ: ట్యూబులో నీటిబొట్టు

ఇవన్నీ సరిగ్గా ఉన్నా వినిపించడం లేదంటే, యంత్రాన్నీ చెవి అచ్చునీ కలిపే సన్నని ట్యూబు చూడండి. అందులో ఆవగింజంత నీటిబొట్టు అడ్డం పడితే చాలు, శబ్దం చెవిదాకా చేరదు.

అందరూ వానాకాలాన్నే అనుమానిస్తారు. కోనసీమలో గాలి ఏడాది పొడవునా చెమ్మగానే ఉంటుంది, అది నిజమే. కానీ బొట్టు ఎక్కువగా కట్టేది నెలగంట పట్టిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా, చలి పొద్దుల్లో. చెవిలోంచి వచ్చే వెచ్చని ఆవిరి చల్లబడిన ట్యూబు గోడకు తగిలి నీరవుతుంది. మంచులో కాలవ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వచ్చిన పిల్లవాడికి మొదటి గంటలోనే ఇది జరగొచ్చు. ఎండాకాలంలో అయితే చెమట.

ఇది దొరక్కపోవడానికి కారణం మనమే. పిల్లవాడు పలకలేదని యంత్రం తీస్తాం, ఒకసారి విదిలిస్తాం, బొట్టు పక్కకు జరుగుతుంది, యంత్రం పలుకుతుంది. "బాగానే ఉంది కదా" అని తిరిగి పెట్టేస్తాం. అరగంటకు బొట్టు మళ్లీ అడ్డం. నింద పిల్లవాడి మీదకు పోతుంది. అందుకే పలకని ఆ క్షణంలోనే, విదల్చకుండా చూడాలి.

1. యంత్రాన్ని చెవి నుంచి తీసి, దాని నుంచి అచ్చు ఊడదీయకుండానే స్టెతోసెట్ (యంత్రం శబ్దాన్ని మనం వినడానికి వాడే, స్టెతస్కోపు లాంటి సాధనం) గిన్నెను అచ్చుకు ఆనించి వినండి. వాల్యూమ్ తగ్గించి మొదలుపెట్టండి, మీ చెవులు జాగ్రత్త.
2. శబ్దం రాకపోయినా, బావిలోంచి వచ్చినట్టున్నా అచ్చునూ ట్యూబునూ యంత్రం కొక్కెం (చెవి మీద వంగి ఉండే భాగం) దగ్గర విడదీయండి. ట్యూబునే పట్టుకుని లాగండి, అచ్చును కాదు.
3. ఇప్పుడు కొక్కెం దగ్గర వినండి. శబ్దం స్పష్టంగా ఉంటే యంత్రం మంచిదే, అడ్డం ట్యూబులోనో అచ్చులోనో ఉంది. ఇక్కడా రాకపోతే బ్యాటరీకే తిరిగి వెళ్లండి.
4. రబ్బరు గాలిబుడ్డితో ట్యూబు చివర నుంచి అచ్చు వైపుకు ఊదండి. నోటితో ఊదితే ఇంకాస్త చెమ్మ పోసినట్టే. ట్యూబు యంత్రానికి తగిలించి ఉండగా అస్సలు ఊదకూడదు.

రాత్రి బ్యాటరీ విడిగా తీసి, యంత్రాన్ని సిలికా జెల్ వేసిన గట్టిమూత డబ్బాలో పెట్టమని ఇంట్లో చెప్పండి. బ్యాటరీని అందులోనే వదిలేస్తే అదీ ఎండి చెడుతుంది. వారానికోసారి అచ్చును మాత్రం గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి రాత్రంతా ఆరనివ్వాలి. ట్యూబు పసుపెక్కి బిరుసయితే మార్పించండి. బొట్టు పదేపదే కడుతుంటే మందపాటి గోడ ఉన్న ట్యూబు వేయమని ఆడియాలజిస్టును (వినికిడి నిపుణుణ్ని) అడగండి.

సరైందో లేదో ఎలా తెలుస్తుంది

"వినిపిస్తోందా?" అని అడిగితే ఎవరైనా తలూపుతారు. ఆరు ధ్వనుల పరీక్ష చేయండి: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. నోటికి కాగితం అడ్డం పెట్టుకుని, మీటరు దూరం నుంచి, మామూలు గొంతుతో. ఒక్కో ధ్వనికి పిల్లవాడు ఒక చింతగింజ గిన్నెలో వెయ్యాలి, లేదా తిరిగి అనాలి. ధ్వనుల మధ్య విరామం ఒకేలా ఉండకూడదు, లయ పట్టి గింజ వేసేస్తాడు. ఇక్కడ తెలుగు టీచర్లు చేసే పొరపాటొకటి: 'స' అంటారు. మన అక్షరంలో అకారం కలిసే ఉంటుంది, పిల్లవాడు ఆ అకారం విని గింజ వేస్తాడు. ఆవిరి కారినట్టు ఉత్త 'స్‌స్‌' రావాలి. ఆ, ఊ అంది స్, ష్ అందకపోతే ట్యూబు మళ్లీ చూసి, అప్పటికీ అంతే అయితే యంత్రం సర్దుబాటుకు పంపండి.

ఎదిగే పిల్లల చెవికి అచ్చు వదులవుతుంది. కూత ఆగకపోతే కొత్తది చేయించడమే. చెవిలో చీము ఉంటే యంత్రం పెట్టకుండా ఈఎన్టీ డాక్టరుకు చూపించాలి. వినికిడే హఠాత్తుగా తగ్గడం అరుదు, అయితే మాత్రం అదే రోజు వెళ్లాలి. సర్క్యూట్ చెడితే అది బళ్లో తేలే పని కాదు.

శిక్షణలో దీన్ని నేర్పే తీరు

తెర మీద బొమ్మ చూపిస్తే రాదు. నాలుగు యంత్రాలు బల్ల మీద పెట్టండి: ఒకటి బాగున్నది, ఒకటి చచ్చిన బ్యాటరీతో, ఒకటి అచ్చులో మైనం కుక్కి, ఒకటి సిరంజితో ట్యూబులో నీటిబొట్టు వేసి. ఏది ఏదో చెప్పకండి. ప్రతి టీచరూ నాలుగూ పరీక్షించి కారణం కాగితం మీద రాయాలి. బొట్టున్నదాన్ని విదిలించి "బాగుంది" అని రాసినవాళ్ల చేత మళ్లీ చేయించండి, కొత్త బొట్టు వేసి. బడికి ఇద్దరికైనా నేర్పండి, ఒకరు బదిలీ అయితే ఇంకొకరుంటారు. స్టెతోసెట్, గాలిబుడ్డి బీరువాలో తాళం వేసి దాచకుండా, హాజరు పట్టీ ఉండే సొరుగులోనే ఉంచాలి.