వాల్వు యాంప్లిఫైయర్‌లో హెచ్‌టీ తగ్గించబోయే ముందు

సొంతంగా కట్టుకున్న యాంప్లిఫైయర్‌లో ఈఎల్84 అనే అవుట్‌పుట్ వాల్వు ప్లేటు ఎర్రబడుతోందంటే ముందు హెచ్‌టీని, అంటే ప్లేటుకు వెళ్లే ఎక్కువ వోల్టేజీ సరఫరాను అనుమానించాలి. ఆ వాల్వు ప్లేటుకు వోల్టేజీ పరిమితి 300, వేడి పరిమితి 12 వాట్లు. 250-0-250 ట్రాన్స్‌ఫార్మర్‌కు సిలికాన్ డయోడ్లు పెడితే మొదటి కండెన్సర్ దగ్గరే 350 దాకా వస్తుంది. తగ్గించక తప్పదు. కానీ అడుగు మూత విప్పేసి, మాటిమాటికీ ఆన్ చేస్తూ, లోపల చెయ్యి పెడుతూ చేసే పని ఇది.

ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ (అవుట్‌పుట్ చుట్ట) వైపు షాక్ కొడితే దానికి తెలియనే తెలియదు, ట్రిప్ కాదు. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో చార్జి నిలిచే ఉంటుంది. ఫిల్టర్ కండెన్సర్‌కు అడ్డంగా 220 కిలో ఓమ్‌ల, 2 వాట్ల రెసిస్టర్ శాశ్వతంగా సోల్డర్ చేసేయండి. 100 మైక్రోఫారడ్లయినా రెండు నిమిషాల్లో దాదాపు ఖాళీ అవుతుంది. అయినా మీటర్ పెట్టి చూసి, 10 వోల్టుల లోపు ఉంటేనే చెయ్యి పెట్టండి. ఆ రెసిస్టర్ కాలు ఊడిపోయి ఉండొచ్చు కదా.

ఆన్‌లో కొలవాల్సి వస్తే మీటర్ నల్ల వైరును క్లిప్పుతో చాసిస్‌కు (యాంప్లిఫైయర్ లోహపు చట్రానికి) తగిలించి, ఎర్ర ప్రోబు ఒక్కచేత్తోనే పట్టుకోండి. రెండో చెయ్యి జేబులో ఉండాలి. ఉంగరాలు, గొలుసు తీసేయండి. తడి నేల మీద, చెప్పుల్లేకుండా అసలొద్దు. చాసిస్‌కు ఎర్త్ తప్పనిసరి. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే, మెయిన్ స్విచ్ ఎక్కడుందో వాళ్లకు చూపించి మొదలుపెట్టండి.

చాలామంది తిన్నగా హెచ్‌టీ లైన్లో రెసిస్టర్ పెట్టేస్తారు. నా మాట వినండి, ముందు హీటర్ (వాల్వును లోపల వేడిచేసే తీగ) వోల్టేజీ చూడండి. 6.3 ఉండాల్సిన చోట 7 చూపిస్తుంటే తప్పు హెచ్‌టీది కాదు. 220కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు మీ లైన్లో 245 వస్తోందన్నమాట. హెచ్‌టీ ఒక్కటే తగ్గిస్తే హీటర్లు మాడుతూనే ఉంటాయి. అలాంటప్పుడు 12-0-12, 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తీసుకుని, దాని ప్రైమరీని (ఇన్‌పుట్ చుట్టను) లైనుకు కలిపి, సెకండరీ రెండు చివరలను యాంప్లిఫైయర్‌కు వెళ్లే ఫేజు వైరులో సిరీస్‌గా, దాని వోల్టేజీ లైన్ వోల్టేజీకి ఎదురుగా ఉండేలా కలపాలి. 24 వోల్టులు తగ్గుతాయి. చివరలు తారుమారైతే అంతే పెరుగుతాయి కాబట్టి యాంప్లిఫైయర్ తగిలించకముందే కొలవండి. ఆ 12 వోల్టుల తీగలు ఇప్పుడు నేరుగా మెయిన్స్ మీద ఉన్నాయి. వాడని మధ్య తీగకు కూడా స్లీవ్ తొడిగి, అన్నిటినీ మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఫ్యూజు వేయండి. డిమ్మర్‌స్టాట్ (నాబ్ తిప్పి వోల్టేజీ మార్చే ఆటోట్రాన్స్‌ఫార్మర్) వాడేవాళ్లూ గుర్తుంచుకోండి, వోల్టేజీ తగ్గించినా అది మెయిన్స్ నుంచి మిమ్మల్ని వేరు చేయదు.

హీటర్ సరిగ్గానే ఉంటే అప్పుడు హెచ్‌టీ లైన్లో రెసిస్టర్. 60 మిల్లీఆంప్స్ దగ్గర 50 వోల్టులు దించడానికి 820 ఓమ్స్ సరిపోతుంది. 3 వాట్ల వేడి పుడుతుంది, కాబట్టి 10 వాట్ల వైర్‌వౌండ్ రకం తీసుకుని కండెన్సర్లకు దూరంగా బిగించండి. ఇందులో ఒక చిక్కుంది. సిలికాన్ డయోడ్లతో హెచ్‌టీ ఆన్ చేయగానే వచ్చేస్తుంది, వాల్వులు మాత్రం ఇంకా వేడెక్కి ఉండవు. కరెంటు లాగనప్పుడు రెసిస్టర్ ఏమీ దించదు. ఆ కాసేపూ దాని తర్వాతి కండెన్సర్ల మీద కూడా మొత్తం 350 పడుతుంది. తగ్గించాం కదా అని తక్కువ రేటింగువి వేస్తే పేలతాయి. అన్నీ 450 వోల్టులవే వేయండి.

మార్పు చేశాక మొదటిసారి మెయిన్స్ వైరులో సిరీస్‌గా 60 వాట్ల బల్బు పెట్టే ఆన్ చేయండి. ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనిచేయదు. వెలిగి మసకబారితే సరే, పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయండి. స్పీకర్ లేకుండా మాత్రం వద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. అన్నీ కుదిరాక బల్బు తీసేసి కేథోడ్ వోల్టేజీ కొలవండి. 135 ఓమ్స్ కేథోడ్ రెసిస్టర్ మీద 6.5 వస్తే 48 మిల్లీఆంప్స్. దాన్ని ప్లేటు, కేథోడ్ మధ్య వోల్టేజీతో గుణిస్తే 12 వాట్లు దాటకూడదు. అర్ధరాత్రి లోడు తగ్గి లైన్ వోల్టేజీ పెరిగే ఊళ్లలో ఈ కొలతను ఆ వేళకు ఇంకోసారి తీసుకోండి.