ఇంటి నెట్‌వర్క్ పాఠం 5: ఒక్క కేబుల్, రెండు కంప్యూటర్లు

పోయిన పాఠంలో నెట్‌వర్క్ కేబుల్ చివర ఉండే 8 గళ్ళ ఆర్‌జె 45 జాక్ బిగించడం నేర్చుకున్నాం. ఆ చేతిపని ఇప్పుడు అక్కరకొస్తుంది.

అమలాపురం దగ్గర మా ఇంట్లో రూటరు వీధి గదిలో ఉంది, పిల్లల కంప్యూటరు పెరటి గదిలో. మధ్యలో కొబ్బరిచెట్ల కింద పైపు పాతి ఒకే కేబుల్ లాగాం. ఈ ఏడు రెండో కంప్యూటరు వచ్చింది. మళ్ళీ తవ్వాలా అని టెన్షన్ పడ్డాను. అక్కర్లేదు.

కేబుల్ తొక్క తీస్తే 8 తీగలు, అంటే 4 జతలు కనిపిస్తాయి. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్ల వేగం) నెట్‌వర్క్ వాడుకునేది అందులో 2 జతలే: ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి. అవి జాక్‌లో 1, 2, 3, 6 స్థానాల్లో ఉంటాయి. నీలం, గోధుమ జతలు ఊరికే పడి ఉంటాయి. వాటితో రెండో లైను కట్టడమే మన పని.

రెండు చివర్లలోనూ రెండేసి జాక్‌లు, మొత్తం 4 కావాలి. మొదటి జాక్‌లో తెలుపు-నారింజ 1, నారింజ 2, తెలుపు-ఆకుపచ్చ 3, ఆకుపచ్చ 6. రెండో జాక్‌లో తెలుపు-నీలం 1, నీలం 2, తెలుపు-గోధుమ 3, గోధుమ 6. మిగతా గళ్ళు ఖాళీ. చాలామంది తప్పేది 3 తర్వాత 4లో పెట్టేసి. 3, 6 ఒకే జత కావాలి. జతల మెలిక కూడా జాక్ దాకా వీలైనంత ఉంచండి, విప్పేస్తే సిగ్నల్ చెడుతుంది.

వీధి గదిలోని రెండు జాక్‌లూ రూటరులో రెండు వేర్వేరు లాన్ పోర్టుల్లోకి, అంటే కంప్యూటర్ల కేబుళ్ళు తగిలించే గళ్ళలోకి వెళ్ళాలి. నేను మొదట ఈ సంగతి తెలియక ఒక లైనును రెండుగా చీల్చే వై ఆకారపు ముక్క ఒకటి కొని, పెరటి గదిలో మాత్రమే తగిలించాను. రెండు కంప్యూటర్లూ ఆన్ చేసేసరికి ఉన్న నెట్ కూడా పోయింది! ఇవతల పంచితే అవతలా పంచాలి మరి.

గిగాబిట్ వేగం (1000 ఎంబీపీఎస్) కావాలంటే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, దానికి 4 జతలూ కావాలి. కేబుల్‌లోంచే కరెంటు తీసుకునే సీసీ కెమెరా లైనును కూడా ఇలా చీల్చకండి. గిగాబిట్ కావాల్సినప్పుడు పెరటి గదిలో చిన్న నెట్‌వర్క్ స్విచ్, అంటే ఒక్క కేబుల్‌ను చాలా కంప్యూటర్లకు పంచే పెట్టె, పెట్టడమే మేలు. మనం చేసింది కాలువ మధ్యలో గట్టు వేసి రెండు పాయలు చేయడం లాంటిది. స్విచ్ అయితే దాళ్వాలో (రబీ పంటకి) వంతులవారీ నీళ్ళలాగా కాలువ మొత్తం ఒకరి తర్వాత ఒకరికి వదులుతుంది, కాకపోతే ఆ వంతు రెప్పపాటు కూడా ఉండదు. దానికి కరెంటు కావాలి, అదొక్కటే తంటా. తుపానుకి కరెంటు పోయిన రోజు రూటరు ఇన్వర్టర్ మీద బతికినా, పెరట్లో స్విచ్ ఆగిపోతుంది.

జాక్‌లు బిగించాక నెట్‌వర్క్ కేబుల్ టెస్టరు పెట్టండి. 1, 2, 3, 6 దీపాలు రెండు వైపులా అదే వరుసలో వెలగాలి. స్విచ్ కొనేవాళ్ళ సంగతి 6వ పాఠంలో.