స్టాండర్డ్ హెరాల్డ్ మలుపుల్లో భయపెడుతుంటే: లక్షణం, కారణం, మరమ్మతు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో స్టాండర్డ్ హెరాల్డ్ ఇంకా నడుపుతున్నవాళ్ల కోసం, పాత షెడ్డులోంచి తీసి మళ్లీ రోడ్డెక్కిద్దామనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 1961 నుంచి మద్రాసులో తయారైన ఈ కారుకి మూలం ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారుని ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టి చేసి కట్టారు. కాబట్టి స్పిట్‌ఫైర్ నడిపేవాళ్లు ఇన్నేళ్లుగా నేర్చుకున్నదంతా మన కారుకీ పనికొస్తుంది. ముందు చక్రాలకి విష్‌బోన్లు (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే, పైకీ కిందికీ ఆడే చేతులు), కాయిల్ స్ప్రింగులు, ర్యాక్ అండ్ పీనియన్ స్టీరింగు ఉంటాయి. వెనక అడ్డంగా ఒకే కమాన్‌కట్ట (లీఫ్ స్ప్రింగ్), దాంతో కలిసి పనిచేసే స్వింగ్ యాక్సిల్. సరిగ్గా ఉన్న హెరాల్డ్ స్టీరింగ్ అంత తేలిగ్గా, సూటిగా ఉండే కారు ఆ కాలంలో మన దేశంలో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

కారు బాగా పోవట్లేదనగానే చాలామంది కొత్త షాకబ్జార్బర్లు కొనేస్తారు. కొనేముందు కారుని గట్టి నేల మీద జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, నాలుగు చక్రాలనీ చేత్తో ఊపి చూడండి. పైనా కిందా పట్టుకుని ఒకసారి, రెండు పక్కలా పట్టుకుని ఒకసారి. ఎక్కడ టకటకమంటుందో అక్కడే సగం జవాబు దొరుకుతుంది.

మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం పక్కకి తోసుకుపోతోంది

హెరాల్డ్‌కి అన్నిటికన్నా ప్రమాదకరమైన లక్షణం ఇదే. మన దగ్గర దీనికి చాలాసార్లు కారణం వెనక భాగాన్ని ఎత్తు చేయించడం.

స్వింగ్ యాక్సిల్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. వెనక ఇరుసులు రెండూ డిఫరెన్షియల్ పక్కనున్న యూనివర్సల్ జాయింట్ల దగ్గర మాత్రమే వంగుతాయి. చక్రం దగ్గర ఇంకో జాయింటు లేదు. అందువల్ల కారు వెనక భాగం పైకి లేస్తే చక్రాల కింది అంచులు లోపలికి ముడుచుకుంటాయి, పై అంచులు బయటికి వాలతాయి. దీన్నే పాజిటివ్ కాంబర్ అంటారు. మలుపులో బయటివైపు టైరు నేలని గట్టిగా పట్టుకున్నప్పుడు ఆ ఒత్తిడి ఇరుసు మీదుగా డిఫరెన్షియల్‌ని పైకి తోస్తుంది. సరిగ్గా అప్పుడే యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకి వెళ్లి, వెనక భాగం ఇంకాస్త లేస్తుంది. టైరు అంచు మీద మాత్రమే నిలబడుతుంది, పట్టు ఒక్కసారిగా పోతుంది.

వెనక సీట్లో మనుషులు కూర్చుంటే కారు కుంగుతోందని కమాన్‌కట్టల షాపుకి తీసుకెళ్తారు. అక్కడ లారీకి చేసినట్టే పట్టీలకి వంపు పెంచుతారు, లేదా అదనంగా ఒక పట్టీ వేస్తారు. లారీకి అది మంచిదే. హెరాల్డ్‌కి మాత్రం ఆ పని ఎప్పుడూ చేయించకండి. స్పీడ్ బ్రేకర్ల మీద కింద తగలదని సంతోషించేలోపు దోర్నాల-శ్రీశైలం ఘాట్‌లో ఒక్క మలుపు చాలు, కారు తిరిగిపోతుంది.

కొలిచి చూసుకోవడం తేలిక. ముందు సీట్లలో ఇద్దర్ని కూర్చోబెట్టండి, ట్యాంకు సగం నిండి ఉండాలి. జాకీ దించిన వెంటనే కొలవకూడదు. స్వింగ్ యాక్సిల్ చక్రాలు దించాక కూడా ముడుచుకునే ఉంటాయి, అందుకని కారుని కొన్ని గజాలు ముందుకీ వెనక్కీ దొర్లించాలి. తర్వాత గోడ నిలువు చూడటానికి మేస్త్రీలు వాడే గుండుని చక్రం పక్కన వేలాడదీయండి. దారం టైరుకి తగలకుండా కాస్త ఎడంగా ఉండాలి. దారం నుంచి రిమ్ పై అంచుకి ఎంత దూరం, కింది అంచుకి ఎంత దూరం కొలవండి. పైన దూరం ఎక్కువైతే నెగటివ్ కాంబర్, అదే మనకి కావలసింది. 13 అంగుళాల రిమ్‌కి తేడా 6 మిల్లీమీటర్లుంటే సుమారు ఒక డిగ్రీ. ఒకటి రెండు డిగ్రీల నెగటివ్ బాగుంటుంది. కింద దూరం ఎక్కువొస్తే కారుని అలా వేగంగా నడపకండి.

సరిచేయడానికి ముందుగా అదనపు పట్టీ తీయించి, వంపు తగ్గించాలి. కట్ట మంచిదే అయినా కారు ఎత్తుగానే ఉంటే డిఫరెన్షియల్‌కీ కమాన్‌కట్టకీ మధ్య దిమ్మ పెట్టి దించవచ్చు. దిమ్మ మందానికి తగ్గట్టు పొడవాటి స్టడ్లు తప్పనిసరి. పాత స్టడ్లకి రెండు మరలు దొరికితే చాలనుకునే పని కాదిది. మరీ కిందికి దించితే ఊళ్లలోకి వెళ్లే గుంతల రోడ్ల మీద బంప్ రబ్బర్లకి ఊరికూరికే తగులుతుంది, అక్కడ ఆగాలి.

దిగుమతి చేసుకునే ఓపిక, డబ్బు ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. 1970లో వచ్చిన మార్క్ 4 స్పిట్‌ఫైర్‌లో స్వింగ్ స్ప్రింగ్ అనే కట్ట పెట్టారు. అందులో ఒక్క పట్టీ తప్ప మిగతావి డిఫరెన్షియల్ మీద అటూ ఇటూ ఊగుతాయి. దాంతో వెనక భాగం ఎగదన్నడం బాగా తగ్గుతుంది. కానీ కారు పక్కకి వాలడం పెరుగుతుంది కాబట్టి ముందు యాంటీ-రోల్ బార్ లావుది వేయాలి. రెండూ కలిపి మారిస్తేనే ఫలితం. స్టాండర్డ్ కంపెనీ అయితే 1972లో తెచ్చిన గజెల్‌లో స్వింగ్ యాక్సిల్‌నే వదిలేసి మామూలు ఇరుసు పెట్టింది. హెరాల్డ్‌కి అంత దూరం పోనక్కర్లేదు, ఎత్తు సరిగ్గా ఉంచుకుంటే చాలు.

నడిపే పద్ధతీ ఇందులో భాగమే. వేగం మలుపుకి ముందే తగ్గించండి. మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచండి, ఒక్కసారిగా తీయకండి.

స్టీరింగ్ బరువుగా ఉంది, మలుపు తర్వాత తనంతట తాను వెనక్కి రావట్లేదు

టైర్లలో గాలి సరిపోను ఉంటే అనుమానం ట్రనియన్ల మీద. ముందు చక్రాన్ని మోసే నిలువు లింకు కింది చివర మరలుంటాయి. ఆ మరలు ఇత్తడి రంగు ట్రనియన్‌లో తిరుగుతాయి. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ కదిలే చోటు అదే. దానికి పోయాల్సింది గ్రీజు కాదు, 90 నంబరు గేర్ ఆయిల్. గ్రీజు కొట్టిస్తే అది గట్టిపడి దారి మూసేస్తుంది, నీరు చేరి మరలు తుప్పు పడతాయి. చివరికి లింకు మరల దగ్గర విరిగి చక్రం కారు కిందికి మడుచుకుపోతుంది.

పరీక్ష ఇలా చేయండి: ముందు భాగం లేపి, స్టీరింగ్ ర్యాక్‌ని చక్రాలకి కలిపే టై రాడ్ ఎండ్లు విప్పి, ఒక్కో చక్రాన్నీ చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. ఏ పక్క బిగుసుకుంటే ఆ పక్క ట్రనియన్ విప్పాలి. రెండు పక్కలా తేలిగ్గానే తిరిగితే లోపం ర్యాక్‌లోనో కాలమ్‌లోనో ఉంది. విప్పినప్పుడు నిలువు లింకు మరలని కిరోసిన్‌తో కడిగి వెలుతుర్లో చూడండి. గుంటలు పడినా, గీతలా పగులు కనిపించినా దాన్ని పక్కన పడేయాల్సిందే. వెల్డింగ్ పెట్టి లేత్ మీద కొత్త మరలు తీసిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఇది ప్రాణాలతో ముడిపడిన భాగం.

ఎడమ, కుడి ట్రనియన్ల మరలు ఒకదానికొకటి వ్యతిరేక దిశలో ఉంటాయి, తారుమారు చేయొద్దు. బిగించేటప్పుడు పూర్తిగా లోపలికి తిప్పి, చక్రం రెండు వైపులా చివరిదాకా ఆగకుండా తిరిగేంత మేర మాత్రమే వెనక్కి తీయాలి. ప్లగ్ తీసి నిపుల్ పెట్టి, గ్రీజు గన్‌లో ఆయిలే నింపి, పై సీలు దగ్గర ఆయిల్ ఊరేదాకా కొట్టండి. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి సెప్టెంబరులో ఒకసారి, వానలు వెలిశాక జనవరిలో ఒకసారి తప్పనిసరి. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలిలో ఉండే కార్లకీ, రొయ్యల చెరువుల మధ్య రోడ్ల మీద తిరిగేవాటికీ ఇంకా తరచుగా పోయాలి.

హైవే మీద తిన్నగా పోవట్లేదు, స్టీరింగ్ మాటిమాటికీ సరిచేయాల్సి వస్తోంది

మొదట గాలి. పంక్చర్ షాపుల్లో అడక్కపోతే నాలుగింటికీ ఒకే లెక్కన 30, 35 పౌండ్లు కొట్టేస్తారు. ఇది తేలికైన కారు, పైగా స్వింగ్ యాక్సిల్. వెనక టైర్లలో ముందువాటికన్నా నాలుగైదు పౌండ్లు ఎక్కువ ఉండటం చాలా ముఖ్యం. రేడియల్ టైర్లున్న స్పిట్‌ఫైర్‌కి ముందు 21, వెనక 26. హెరాల్డ్‌కీ అక్కణ్నుంచి మొదలుపెట్టి, వెనక సీట్లో బరువుంటే వెనక పెంచుకోండి. గేజీ సొంతంగా ఒకటి కొనుక్కోండి.

తర్వాత టైర్లు. రేడియల్, పాతకాలపు క్రాస్‌ప్లై కలిపి వాడొద్దు. ముఖ్యంగా ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై వేస్తే మలుపుల్లో వెనక భాగం ముందుగా జారుతుంది. 155/80 ఆర్ 13 సైజు బాగానే సరిపోతుంది. ఇంకా వెడల్పు పెంచితే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు రాసుకుంటుంది.

ఈ రెండూ సరిగ్గా ఉన్నా కారు తేలుతుంటే స్టీరింగ్ ర్యాక్‌ని పట్టి ఉంచే రబ్బర్లు చూడండి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే మీరు బానెట్ ఎత్తి చూడాలి. ర్యాక్ గొట్టం మొత్తం పక్కకి జరుగుతుంటే రబ్బర్లు పోయినట్టే. ఇంజిన్ ఆయిల్ కారి వాటిని మెత్తబరచడం మామూలు, కాబట్టి ఆ లీకు కూడా ఆపాలి. రబ్బర్ల బదులు అల్యూమినియం దిమ్మలు కూడా దొరుకుతాయి. స్టీరింగ్ చాలా సూటిగా అవుతుంది కానీ ప్రతి గుంతా చేతికి తెలుస్తుంది. మన రోడ్లకి నేను రబ్బరే ఎంచుకుంటాను.

చివర్లో అలైన్‌మెంట్. షాపు కంప్యూటర్‌లో హెరాల్డ్ పేరు లేదని వేరే కారు లెక్క పెట్టనివ్వకండి. రేడియల్ టైర్లకి ముందు చక్రాలు రెండింటి మధ్య దూరం వాటి ముందు అంచుల దగ్గర, వెనక అంచుల దగ్గరకన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువుంటే చాలు.

యాక్సిలరేటర్ తొక్కితే ఒకవైపు, వదిలితే రెండోవైపు లాగుతుంటే మాత్రం లోపం ముందు లేదు. వెనక చక్రాలని ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టే రేడియస్ ఆర్మ్‌ల బుష్‌లు (కీళ్లలో ఉండే రబ్బరు గొట్టాలు) అరిగాయి. కొత్తవి వేసి, బ్రాకెట్ దగ్గరున్న షిమ్‌లని (సందు సరిచేసే పల్చటి రేకులు) ఎన్ని తీశారో అన్నే తిరిగి పెట్టండి. వెనక చక్రాల దిశ వాటితోనే కుదురుతుంది.

గతుకుల్లో దడదడలు, ఒక్క దెబ్బకి రెండు మూడుసార్లు ఊగడం

చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద ఇది త్వరగా బయటపడుతుంది. ఒక మూల గట్టిగా నొక్కి వదలండి. పైకి లేచి, కిందికి దిగి ఆగిపోవాలి, ఇంకా ఊగితే షాకబ్జార్బర్ పని అయిపోయింది. రెండు పక్కలా జతగా మార్చండి. మరీ గట్టివి వేస్తే చెడ్డ రోడ్డు మీద టైరు నేలని వదిలి ఎగురుతుంది, పట్టు ఇంకా తగ్గుతుంది. ఊగకుండా దడదడ మాత్రమే ఉంటే విష్‌బోన్ బుష్‌లు, షాకబ్జార్బర్ కంటి రబ్బర్లు, యాంటీ-రోల్ బార్ లింకులు చూడాలి.

కారు ఒక పక్కకి వాలి నిలబడుతోంది

పట్టీ విరిగి ఉండొచ్చు, చూసుకోండి. కట్ట బాగుంటే స్క్రూడ్రైవర్‌తో ఛాసిస్‌ని పొడిచి చూడండి. హెరాల్డ్‌కి బాడీ వేరు, ఛాసిస్ వేరు. పక్కలకి వచ్చే చేతుల్లాంటి భాగాలు లోపల్నుంచి తుప్పు పడతాయి, పైన పెయింటు మాత్రం నున్నగా కనిపిస్తుంది. ఛాసిస్ మెత్తబడితే సస్పెన్షన్ మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా, ముందు వెల్డింగ్ పనే చేయించాలి.

బయల్దేరేటప్పుడు వెనక టక్కుమనే చప్పుడు

యూనివర్సల్ జాయింట్లు. ఇరుసుని చేత్తో మెలితిప్పి చూస్తే తెలిసిపోతుంది. హెరాల్డ్‌లో ఆ జాయింటే చక్రాన్ని నిలబెట్టేది కూడా, తర్వాత చూద్దామని వదలొద్దు.

బుష్‌లు మార్చాక కొద్ది నెలలకే మళ్లీ చిరిగిపోతున్నాయి

నెల్లూరు ఆటోనగర్‌లో అయినా, ఒంగోలులో అయినా మెకానిక్‌కి పని అప్పగించేటప్పుడే ఇది చెప్పండి. రబ్బరు బుష్ బోల్టులని కారు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే కారు దించగానే రబ్బరు మెలితిరిగి, ఆ మెలికతోనే నలుగుతూ చిరిగిపోతుంది. బోల్టులు వదులుగా పెట్టి, కారుని చక్రాల మీదికి దించి, కాస్త దొర్లించి, ముందు సీట్లలో ఇద్దర్ని కూర్చోబెట్టి, అప్పుడు చివరి బిగింపు చేయాలి. పాలియూరిథేన్ బుష్‌లకి ఈ గొడవ చాలావరకు లేదు. ఆయిల్‌కీ మన ఎండకీ అవి తట్టుకుంటాయి, మలుపుల్లో కారు కూడా బిగువుగా ఉంటుంది. గతుకుల మోత మాత్రం పెరుగుతుంది. ముందు కింది విష్‌బోన్లకీ, యాంటీ-రోల్ బార్‌కీ పాలియూరిథేన్ వేసి, మిగతా చోట్ల రబ్బరే ఉంచితే మన రోడ్లకి బాగా కుదురుతుంది. ఏది వేసినా రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక ప్రతి నట్టునీ మళ్లీ స్పానర్‌తో పట్టి చూడండి.