బెంగళూరులో స్టార్టప్‌కి మనుషుల్ని తీసుకునే ముందు

మొదటి ఆరు నెలల్లో కొత్తగా వచ్చే మనిషి ఏం చేసి చూపించాలో కాగితం మీద రాయండి. రాయలేకపోతే ఇంటర్వ్యూలు ఆపండి.

మారతహళ్లి చుట్టుపక్కల మనవాళ్లు బోలెడంతమంది. తెలిసినవాళ్ల ద్వారా వెతకండి, తప్పులేదు. కానీ టీమంతా మన ఊరివాళ్లే అయితే, తర్వాత వచ్చే కన్నడ, తమిళ కుర్రాళ్లు మీటింగుల్లో నోరు విప్పరు. పని తెలిసిన మనిషి అలా దూరమైపోవడం నిజంగా బాధాకరం. మొదటి నలుగురిలోనే ఒకరైనా బయటివారు ఉండేలా చూడండి.

పాత కంపెనీలో నోటీస్ పీరియడ్ (రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయాల్సిన గడువు) ఎన్ని రోజులో ముందే అడగండి. పెద్ద ఐటీ కంపెనీల్లో 90 రోజులు మామూలే. ఈలోగా ఇంకో ఆఫర్ రావచ్చు, కాబట్టి మాట్లాడుతూ ఉండండి.

ఈసాప్ షేర్ల (ముందే ఖాయం చేసిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునేలా ఉద్యోగికిచ్చే ఆప్షన్) విషయంలో నోటిమాట వద్దు. చట్టం ప్రకారం ఆప్షన్ ఇచ్చాక కనీసం ఏడాది గడిస్తేనే హక్కు వస్తుంది. మొత్తం 4 ఏళ్లకు విడతలుగా ఇవ్వడం వాడుక. మధ్యలో మానేస్తే ఏమవుతుందో కూడా రాసివ్వండి. ఇంట్లోవాళ్లకు చెప్పుకునేది ఆ జీతం, ఆ షేర్ల లెక్కే.

20 మంది అయ్యారంటే పీఎఫ్ తప్పనిసరి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గర ఉంచుకోకండి. చూసి వెంటనే ఇచ్చేయండి.