బైపీసీ పిల్లలకు బయాలజీ పుస్తకాలు: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

జూన్‌లో అడ్మిషన్ కాగానే హన్మకొండలో ఏదో ఒక పుస్తకాల షాపుకు పోయి "బైపీసీ సెట్ ఇవ్వండి" అంటే సంచి నింపి ఇస్తారు. వాటిలో సగం మార్చి దాకా తెరవకుండానే ఉంటాయి. షాపుకు పోయేముందే రాయబోయే పరీక్ష ఏదో తేల్చుకోవాలి. తెలంగాణ ఇంటర్ బోర్డు పరీక్ష అందరికీ ఉంటుంది. దానికి తోడు ఎంబీబీఎస్ కావాలంటే నీట్, అగ్రికల్చర్ బీఎస్సీ, ఫార్మసీ వైపు పోవాలంటే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ రాయాలి. నీట్‌లో 720 మార్కులకు 360, ఎప్‌సెట్‌లో 160కి 80 బయాలజీవే. అందుకే బయాలజీ పుస్తకం దగ్గర తొందరపడొద్దు.

మొదట తెచ్చుకోవాల్సింది తెలుగు అకాడమీ వేసే ఇంటర్ పాఠ్యపుస్తకాలు, వృక్షశాస్త్రం (బాటనీ), జంతుశాస్త్రం (జువాలజీ). ఇందులో వాదన అక్కర్లేదు. బోర్డు పేపరు దీన్నుంచే వస్తుంది, ఎప్‌సెట్ సిలబస్ కూడా ఇంటర్ సిలబస్సే. సర్కారు జూనియర్ కాలేజీలో చేరితే కాలేజీలోనే ఉచితంగా ఇస్తారు, అడిగి తెలుసుకున్నాకే డబ్బులు పెట్టండి. స్టాకు రాలేదని గైడుతో చదువు మొదలుపెట్టడం మాత్రం తప్పు. సీనియర్ల దగ్గర పాత ప్రతి తెచ్చుకుని, బోర్డు వెబ్‌సైట్లో ఆ ఏడాది సిలబస్ దించుకుని పాఠాల పేర్లు సరిచూసుకుంటే నెల రోజులు నిశ్చింతగా గడుస్తుంది.

నీట్ రాసేవాళ్లకు కేంద్ర సంస్థ ఎన్సీఈఆర్టీ వేసే 11, 12 తరగతుల బయాలజీ పుస్తకాలు తప్పనిసరి. మన దిక్కు పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఫస్టియర్ కదా అని 11వ తరగతి పుస్తకం ఒక్కటే కొంటారు. కానీ పాఠాలు రెండు చోట్లా ఒకే వరుసలో లేవు. అకాడమీ ఫస్టియర్ బాటనీలో ఉన్న పుష్పించే మొక్కల లైంగిక ప్రత్యుత్పత్తి, ఆవరణశాస్త్రం ఎన్సీఈఆర్టీలో 12వ తరగతిలో వస్తాయి. సెకండియర్‌లో చెప్పే కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ, జువాలజీలోని మానవ శరీరధర్మశాస్త్రం 11వ తరగతిలో ఉన్నాయి. అందుకని ఫస్టియర్‌లోనే 11, 12 రెండూ దగ్గర పెట్టుకోవాలి. అకాడమీ పుస్తకం విషయసూచికలో ప్రతి పాఠం పక్కన "11–13" అన్నట్టు ఎన్సీఈఆర్టీ తరగతి, పాఠం నంబరు పెన్సిల్‌తో రాసుకోండి. ఒక పూట పని, రెండేళ్లు ఉపయోగపడుతుంది.

కొనేముందు ఎన్సీఈఆర్టీ ముద్రణ ఏడాది చూడండి. 2023 నుంచి వచ్చిన కుదించిన ప్రతుల్లో 11వ తరగతికి 19, 12వ తరగతికి 13 పాఠాలున్నాయి. అంతకుముందు 22, 16 ఉండేవి. మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ, జీర్ణక్రియ వంటివి తీసేశారు. 2024 నుంచి నీట్ సిలబస్‌లోనూ అవి లేవు. అకాడమీలో ఉన్నంత కాలం బోర్డు కోసం, ఎప్‌సెట్ కోసం అవి చదవాల్సిందే, నీట్ రివిజన్‌లో మాత్రం వాటికి టైం పెట్టొద్దు. చేతిలో డబ్బు తక్కువుంటే ఎన్సీఈఆర్టీ వెబ్‌సైట్లో పీడీఎఫ్ ఉచితం. అయితే గీతలు గీసుకుంటూ పదిసార్లు తిప్పాల్సిన పుస్తకం కాబట్టి ఫోన్లో కన్నా కాగితం మీదే మేలు.

తెలుగు మీడియం వాళ్లకు ఇంకో చిక్కుంది. ఎన్సీఈఆర్టీ ఇంటర్ స్థాయి బయాలజీని తెలుగులో వేయదు. నీట్ పేపరు తెలుగులో దొరికినా, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే చెల్లుతుంది. ఆ పాఠం ముందు అకాడమీలో తెలుగులో చదివి, తర్వాత ఎన్సీఈఆర్టీ ఇంగ్లిష్ పేరాలు చదవాలి. చదువుతూ రెండు గడుల నోటుబుక్కులో జంట పదాలు రాసుకోవాలి: దారువుకు జైలం, అండన్యాసానికి ప్లాసెంటేషన్, అంకురచ్ఛదానికి ఎండోస్పెర్మ్. పాఠానికి ముప్పై నలభై మాటలు తేలతాయి. ముఖ్యంగా సిద్ధబీజం, సంయోగబీజం, సంయుక్తబీజం అనే మూడింటి దగ్గర ఆగండి. మొదటిది స్పోర్, రెండోది గామీట్, మూడోది జైగోట్. త్వరగా చదివే కంటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఇక్కడ పొరబడితే ఆల్గే నుంచి పుష్పించే మొక్కల దాకా జీవితచక్రాలన్నీ తలకిందులవుతాయి.

గైడ్ల సంగతి. ఒక్కటి చాలు, అదీ పాఠం అయ్యాక. బోర్డు థియరీ పేపరు ఇన్నేళ్లుగా 60 మార్కులకు నడుస్తోంది: రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఎనిమిదింటిలో ఆరు, ఎనిమిది మార్కులవి మూడింటిలో రెండు. గైడు జవాబులు ఈ కొలతకు సరిపోవాలి. రెండు మార్కుల ప్రశ్నకు అర పేజీ నింపిన గైడు మీ టైం తింటుంది.

షాపులోనే నిలబడి ఐదు నిమిషాలు పరీక్షించొచ్చు. పిండకోశం (ఎంబ్రియో సాక్) బొమ్మ తీయండి. ఎనిమిది కేంద్రకాలు, ఏడు కణాలు ఉండాలి: ఒక స్త్రీబీజ కణం, రెండు సహాయ కణాలు, మూడు ప్రతిపాద కణాలు, రెండు ధ్రువ కేంద్రకాలున్న మధ్య కణం. "ఎనిమిది కణాలు" అని రాసుంటే మూసి పక్కన పెట్టండి. తర్వాత క్షయకరణ విభజన (మియోసిస్) చూడండి. పారగతి, అంటే క్రాసింగ్ ఓవర్, పాకీటీన్ దశలో జరుగుతుంది, దాని గుర్తుగా క్రోమోజోములు అడ్డంగా కలిసినట్టుండే చోట్లు, అంటే కయాస్మాలు, తర్వాతి డిప్లోటీన్ దశలో కనిపిస్తాయి. చాలా చోట్ల ఈ రెండూ కలగాపులగం అవుతాయి. చివరగా ద్విదళబీజ కాండం అడ్డుకోత బొమ్మ చూడండి. హెచ్‌బీ పెన్సిల్‌తో నాలుగైదు నిమిషాల్లో మీరు వేయగలరా? రంగులతో ముస్తాబైనా గీయడానికి రాని బొమ్మ పరీక్ష హాల్లో పనికిరాదు.

డిగ్రీ స్థాయి లావు పుస్తకాలు ముచ్చటగా ఉంటాయి, సందేహం వస్తే లైబ్రరీలో చూడండి, కొనొద్దు. శ్వాసక్రియలో ఒక్క గ్లూకోజ్ అణువుకు ఎన్ని ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) వస్తాయంటే వాటిలో 30–32 ఉంటుంది, ఎన్సీఈఆర్టీ లెక్క 38. నీట్‌లో పెట్టాల్సింది 38.

ప్రశ్నల బ్యాంకు కొంటే 2025 తర్వాతి ముద్రణే తీసుకోండి. 2021 నుంచి 2024 దాకా నీట్‌లో 200 ప్రశ్నలిచ్చి 180 రాయమనేవాళ్లు, 2025 నుంచి ఆ ఛాయిస్ లేదు, ఇచ్చిన 180 ప్రశ్నలే. పాత మోడల్ టెస్టులతో టైం లెక్క తప్పుతుంది. సెకండ్ హ్యాండ్ గైడు అయితే కరోనా ఏళ్లది కాకుండా చూసుకోండి. 2021, 2022లో బోర్డు 70 శాతం సిలబస్‌కే పరీక్ష పెట్టింది, అప్పటి గైడ్లలో తీసేశామని గుర్తు పెట్టిన పాఠాలు ఆ తర్వాత మళ్లీ సిలబస్‌లోకి వచ్చాయి.